పుట్టగొడుగుల గదికి పాత కంప్యూటర్ ఫ్యాను

పుట్టగొడుగుకి పత్రహరితం ఉండదు, ఎండతో తిండి వండుకునే విద్య రాదు. గాలి దగ్గరకొచ్చేసరికి మాత్రం దాని తంతు మనిషి తంతే. ఆక్సిజన్ పీలుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. బయట వీధిలో వీచే గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 420 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. మనిషి వదిలే ఊపిరిలో అది దాదాపు 40,000 పాళ్లు. ముత్యపు చిప్ప పుట్టగొడుగు గొడుగులా విచ్చుకోవాలంటే దాని చుట్టూ ఉన్న గాలిలో వెయ్యి పాళ్లు దాటకుండా ఉంటే మంచిది. తలుపు మూసిన చిన్న గదిలో పుట్టగొడుగులు పెరిగే గడ్డి సంచులు వరసగా వేలాడదీస్తే ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

గాలి మార్చడానికి కొత్తగా పెద్ద యంత్రమేమీ కొననక్కర్లేదు. మూలన పడేసిన వస్తువులతో ఫ్యాను ఎలా కుదురుతుందో, అలా చేసిన ఫ్యాన్లు చాలాచోట్ల ఎందుకు ఉత్తినే తిరుగుతాయో అన్నదే ఈ ప్రసంగంలో విషయం.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో మలంచా లాంటి పేట ఈ పనికి బాగా అనువైన చోటు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పని వెతుక్కుంటూ ఎన్నో కుటుంబాలు ఇక్కడికి చేరాయి. రైల్వే వర్క్‌షాపు గేటు దాటి లోపలికెళ్లినవాళ్లు ఫిట్టర్లయ్యారు, వెల్డర్లయ్యారు, రేకు పనివాళ్లయ్యారు. వాళ్ల మనవల మనవలు ఇప్పుడు బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ కలిపి మాట్లాడతారు. రేకు కత్తిరించడం, రంధ్రం కొలత తప్పకుండా వేయడం, మోటారు చప్పుడు విని రోగం చెప్పడం తెలిసిన పెద్దవాళ్లున్న ఇళ్లు ఈ ఊళ్లో ఎక్కువ. పింఛను తీసుకుంటూ ఖాళీగా కూర్చున్న ఆ చేతులకి ఇది సరైన పని.

పంట విషయంలో కూడా బెంగాల్‌కి ఒక హక్కుంది. ఎండాకాలంలో పెంచే తెల్లటి పాల పుట్టగొడుగును కొత్త జాతిగా గుర్తించి 1974లో శాస్త్రలోకానికి పరిచయం చేసింది పుర్కాయస్థ, చంద్ర అనే బెంగాలీ శాస్త్రవేత్తలు. ఇక్కడి నేల మీద సహజంగా మొలిచేదే. దానికి వాణిజ్యపు రూపం ఇచ్చింది మాత్రం కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం. 1998లో అక్కడి నుంచి ఏపీకే 2 అనే రకం విడుదలైంది. 30 నుంచి 35 డిగ్రీల వేడిలో హాయిగా పెరుగుతుంది కాబట్టి దక్షిణాది రైతులు దాన్ని అందిపుచ్చుకున్నారు. ముత్యపు చిప్ప రకం చరిత్ర ఇంకా పాతది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1917లో, ఫాల్క్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాన్ని మొద్దుల మీద పెంచి చూపించాడు. మలంచా వాతావరణానికి ఈ రెండూ చాలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ముత్యపు చిప్ప, మార్చి నుంచి వానాకాలం అయ్యేదాకా పాల పుట్టగొడుగు.

ఇప్పుడు ఒక గదిని ఊహించుకోవాలి. కాగితం, పెన్సిలు అందుబాటులో ఉన్నవాళ్లు లెక్క రాసుకోవచ్చు. పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు ఎనిమిది, ఎత్తు ఎనిమిది. మొత్తం 512 ఘనపుటడుగుల గాలి. విత్తనం, అంటే స్పాన్, గడ్డిలో పాకే మొదటి పదిహేను ఇరవై రోజులు సంచులకి గాలి మార్పు పెద్దగా అక్కర్లేదు. ఆ దశలో గడ్డిలో అల్లుకునే పుట్టగొడుగు బూజుకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్నా ఇబ్బంది లేదు. మొగ్గలు కనిపించగానే లెక్క తిరగబడుతుంది. అప్పటి నుంచి గదిలోని గాలంతా గంటకి నాలుగు నుంచి ఆరుసార్లు మారాలి. ఆరుసార్లంటే గంటకి 3,072 ఘనపుటడుగులు, నిమిషానికి 51.

కంప్యూటర్ క్యాబినెట్ వెనక తిరిగే నల్లటి ఫ్యాను, అంచు నుంచి అంచుకి 120 మిల్లీమీటర్లుండేది, అడ్డేమీ లేకపోతే నిమిషానికి సుమారు 50 నుంచి 70 ఘనపుటడుగుల గాలి తోస్తుంది. పన్నెండు వోల్టులతో నడుస్తుంది, రెండు మూడు వాట్లు తింటుంది. పాత కంప్యూటర్లు విప్పే దుకాణాల్లో, పాత సామాన్ల వాళ్ల దగ్గర చవగ్గా దొరుకుతుంది. లెక్క ప్రకారం ఒక్కటి చాలినట్టే. చాలదు. ఎందుకు చాలదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇలాంటి ఫ్యాను గాలిని తోయగలదు గానీ అడ్డుని తట్టుకోలేదు. దాని బలమంతా కలిపి రెండు మూడు మిల్లీమీటర్ల నీటిని పైకెత్తేంత ఒత్తిడి. ముందర పురుగుల వల బిగించి, వెనక రెండు మూల వంపులున్న పైపు తగిలిస్తే గాలి సగానికో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. రెక్కలు మాత్రం అదే జోరుగా తిరుగుతుంటాయి, చప్పుడు కూడా అలాగే వస్తుంది. చూసేవాళ్లకి అంతా సవ్యంగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే ఎనిమిదడుగుల గదికి రెండు ఫ్యాన్లు పక్కపక్కనే పెట్టాలి, పైపు లేకుండా నేరుగా గోడకో కిటికీ చట్రానికో బిగించాలి. రెండూ కలిసి వల గుండా నిమిషానికి 60 ఘనపుటడుగులు లాగినా ఎనిమిది నిమిషాల పైచిలుకులో గది మొత్తం మారిపోతుంది.

మరి పాత టేబుల్ ఫ్యాను ఇంట్లో ఉండగా ఈ బుల్లి ఫ్యాన్లెందుకు? న్యాయమైన ప్రశ్నే. పదహారంగుళాల టేబుల్ ఫ్యాను నిమిషానికి వెయ్యి ఘనపుటడుగులకి మించి గాలి విసురుతుంది. అంత గాలి ఈ గదిని నిమిషానికి రెండుసార్లు ఖాళీ చేస్తుంది, దాంతో పాటే తేమ కూడా పోతుంది. పుట్టగొడుగుకి గాలిలో తేమ 80 నుంచి 90 శాతం ఉండాలి. పొద్దున చల్లిన నీళ్లు టిఫిను వేళకి ఆరిపోతే పంట పోయినట్టే. పైగా టేబుల్ ఫ్యాను రెక్కలు మనిషి ముఖానికి గాలి కొట్టడానికి చేసినవి. గోడ రంధ్రంలో పెట్టినప్పుడు రెక్క కొసకీ రంధ్రం అంచుకీ మధ్య ఉన్న సందులోంచి తోసిన గాలి మళ్లీ వెనక్కే వస్తుంది. కంప్యూటర్ ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం ఆ సందుని ఒకటి రెండు మిల్లీమీటర్లకి కుదిస్తుంది. చవక వస్తువులో దాగిన అసలు ఇంజనీరింగ్ అదే. డబ్బా రేకు కత్తిరించి సొంతంగా రెక్కలు చేసుకునే ఉత్సాహం రైల్వే ఊళ్లో ఎవరికైనా కలుగుతుంది గానీ, తూకం కుదరని రెక్క బేరింగుని నెలల్లో తినేస్తుంది. ఆ సరదా వేరే దేనికైనా దాచుకోవడం మేలు.

ఫ్యాను దొరికింది కదా అని పని మొదలుపెట్టేవాళ్లు మర్చిపోయేది ఇంకొకటుంది. గాలి బయటికి పోవడానికి దారి చేస్తారు, లోపలికి రావడానికి చెయ్యరు. మూతి బిగించిన సీసాలోంచి గాలి పీల్చాలని చూస్తే ఏమవుతుందో ఆ గదిలోనూ అదే అవుతుంది. తలుపు కింద సందులోంచి, కరెంటు తీగల రంధ్రాల్లోంచి కాస్త గాలి దూరుతుంది, దాంతో పాటు ఈగలూ దూరతాయి. సియారిడ్, ఫోరిడ్ అనే చిన్న ఈగలు పుట్టగొడుగుల పంటకి పెద్ద శత్రువులు. వాటి పిల్ల పురుగులు పుట్టగొడుగు బూజునీ కాడల్నీ తొలిచేస్తాయి. మామూలు దోమతెర కళ్లలోంచి అవి సులువుగా వస్తాయి. అంగుళానికి 40 కళ్లుండే నైలాన్ వల కావాలి. ఆ వల ఎంత సన్ననిదైతే గాలికి అంత అడ్డు.

ఈ చిక్కుకి విరుగుడు వైశాల్యం. 120 మిల్లీమీటర్ల ఫ్యాను నోరు దాదాపు 113 చదరపు సెంటీమీటర్లు. ఒక చదరపు అడుగు కిటికీ అంటే 929. లోపలికి గాలి వచ్చే చోట చదరపు అడుగున్నర మేర వల బిగిస్తే, ఒక్కో కంటి గుండా గాలి నెమ్మదిగా జారుతుంది, ఫ్యాన్లకి బరువు తెలియదు. కొవిడ్ రోజుల్లో అమెరికాలో జనం ఇళ్లలోనే గాలి శుభ్రం చేసే పెట్టెలు తయారుచేసుకున్నారు. వాటికి కోర్సీ రోసెంతాల్ పెట్టెలని పేరు, 2020లో మొదలైంది. మామూలు పెట్టె ఫ్యాను ముందు ఒక్క ఫిల్టరు అడ్డం పెడితే గాలి నీరసించిపోతుంది. అందుకని పెట్టె నాలుగు గోడలనీ ఫిల్టర్లతోనే కట్టి, పైన ఫ్యాను పడుకోబెట్టి, అట్టముక్కలూ టేపుతో సందులు మూశారు. ఫ్యాను బలం పెంచలేదు, గాలి దూరే మేర నాలుగింతలు చేశారు. మలంచాలో పుట్టగొడుగుల గదికీ అదే సూత్రం సరిపోతుంది.

గాలి లోపలికి వచ్చే ఆ కిటికీకి తడి గోనెపట్టా వేలాడదీయడం ఇంకో మెట్టు. ఈ ఆలోచన మన దేశంలో కొత్తదేమీ కాదు. వేసవిలో గుమ్మాలకి వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లడం అందరికీ తెలిసిందే. పంతొమ్మిదో శతాబ్దంలో దొరల బంగళాల్లో దానికి యంత్రం కూడా జతచేశారు. థర్మాంటిడోట్ అని పిలిచేవాళ్లు. కిటికీకి ఆనించిన పెద్ద చెక్క పెట్టె, అందులో చేత్తో తిప్పే రెక్కల చక్రం, పెట్టె పక్కలకి తడిపిన వట్టివేళ్ల తడకలు. తిప్పే కూలీ ఎండలో, చల్లగాలి దొరగారికి. ఆ ఏర్పాటులో గది లోపలికి గాలిని తోసేవారు. పుట్టగొడుగుల గదిలో ఫ్యాను గాలిని బయటికి లాగుతుంది, తడి గోనె మీంచి కొత్త గాలి తనంతట తనే వస్తుంది. వస్తూ వస్తూ తేమ తెచ్చుకుంటుంది, పొడిగాలి రోజుల్లో నాలుగైదు డిగ్రీలు చల్లబడుతుంది కూడా. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. దట్టంగా నేసిన గోనెని బాగా తడిపితే దారాల మధ్య నీటి పొర పట్టి కళ్లు మూసుకుపోతాయి. వదులు నేత గోనె, అదీ ఒకే వరస, వలకి నాలుగు వేళ్ల ఎడంలో వేలాడితే చాలు.

కరెంటే లేకుండా చల్లగాలి తెప్పిస్తామనే మాటలు మధ్య మధ్య వినిపిస్తుంటాయి. 2016 ప్రాంతంలో బంగ్లాదేశ్ నుంచి ఎకో కూలర్ అనేది ప్రపంచమంతా తిరిగింది. ప్లాస్టిక్ సీసాలు సగానికి కోసి ఒక అట్టకి వరసగా గుచ్చి కిటికీకి పెడితే గది ఐదు డిగ్రీలు చల్లబడుతుందన్నారు. వెడల్పు చోటు నుంచి ఇరుకు మెడలోకి గాలి వెళ్తే చల్లబడుతుందనేది వాళ్ల వాదన. కిటికీలోంచి వచ్చే మామూలు గాలికి ఒత్తిడి మారేది లెక్కలోకి రానంత స్వల్పం. అందువల్ల చల్లబడేది కూడా అంతే. పుట్టగొడుగుల గదికి అలాంటి సీసాల అట్ట పెడితే ఉన్న కిటికీని సగం మూసినట్టే అవుతుంది.

ఫ్యాను గోడలో పైన పెట్టాలా, కింద పెట్టాలా అన్న తగువు పుట్టగొడుగులు పెంచేవాళ్ల మధ్య ఎప్పటికీ తేలదు. కార్బన్ డయాక్సైడ్ మామూలు గాలి కన్నా బరువు కాబట్టి నేలకి పేరుకుంటుందని ఒక వర్గం. సంచుల వేడికి గాలి పైకి లేస్తుందని ఇంకో వర్గం. గాలి కదులుతున్న గదిలో రెండూ కలిసిపోతాయి, ఏ మూలకీ పూర్తిగా చేరవు. దానికన్నా ముఖ్యం, గాలి లోపలికి వచ్చే కిటికీ ఒక మూల పైన ఉంటే ఫ్యాన్లు ఎదురు మూల కింద ఉండాలి. గాలి గది అంతా దాటి, సంచుల మధ్యగా పోవాలి. రెండూ ఒకే గోడకి పెడితే వచ్చిన కొత్త గాలి వచ్చినట్టే బయటికి పోతుంది, సంచుల దగ్గర పాత గాలి అలాగే ఉంటుంది. వెలిగించిన అగరుబత్తి ఒకటి పట్టుకుని కిటికీ దగ్గర, సంచుల మధ్య, తలుపు సందు దగ్గర నిలబడితే పొగే దారి చూపిస్తుంది. తలుపు సందులోంచి పొగ లోపలికి గుంజుకుపోతుంటే గాలి వచ్చే కిటికీ ఇరుకైందని అర్థం.

కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటరు కొనలేనివాళ్లకి పంటే మీటరు. గొడుగు చిన్నదిగా, కాడ మాత్రం పొడుగ్గా సాగిందంటే గాలి చాలడం లేదు. కాడ మొదట్లో తెల్లటి నూగు వస్తుంటే అదీ ఆ బాపతే. గొడుగు అంచులు పసుపు తిరిగి ఎండి పగులుతుంటే గాలి ఎక్కువైంది, లేదా నీళ్లు తగ్గాయి. ఈ రెండు గుర్తుల మధ్య ఫ్యాను నడిచే సమయాన్ని సర్దుకుంటూ పోవాలి. ఇరవైనాలుగు గంటల డయలుతో, పావుగంటకో పన్ను ఉండే ప్లగ్ టైమరు ఈ పనికి సరిపోతుంది. అరగంట నడిచి పావుగంట ఆగేలా పళ్లు నొక్కితే గదికి గంటకి నాలుగైదు మార్పులు దక్కుతాయి. మొత్తం సరంజామాలో ఎక్కువ డబ్బు పట్టేది ఈ టైమరుకే కావచ్చు.

తీగల పని తేలికే. ఫ్యాను నుంచి ఎరుపు, నలుపు తీగలు వస్తాయి. కొన్నిటికి పసుపు తీగ కూడా ఉంటుంది, అది వేగం ఎంతో కంప్యూటర్‌కి చెప్పడానికి, ఇక్కడ దాని కొసకి టేపు చుట్టి వదిలేయొచ్చు. రెండు ఫ్యాన్ల ఎర్ర తీగలు ఒకటిగా, నల్ల తీగలు ఒకటిగా కలపాలి. అలా కలిపితే రెండిటికీ పన్నెండు వోల్టులూ అందుతాయి. పాడైపోయిన సెట్‌టాప్ బాక్సు అడాప్టరు ఇంట్లో ఉంటే తీసి చూడాలి. చాలావాటి మీద పన్నెండు వోల్టులు, ఒకటి లేదా రెండు ఆంపియర్లు అని రాసి ఉంటుంది. రెండు ఫ్యాన్లూ కలిసి అర ఆంపియర్ తింటాయి కాబట్టి అది ధారాళంగా సరిపోతుంది. రాత్రీ పగలూ ఆగకుండా నడిపినా నెలకి నాలుగు యూనిట్ల చిల్లర.

డబ్బు కన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది, పన్నెండు వోల్టులే ఎంచుకోవడానికి. గోడలు తడి, నేల తడి, చేతులు తడి, పైనుంచి నీటి తుంపర. అలాంటి గదిలో 230 వోల్టుల ఎగ్జాస్ట్ ఫ్యాను, వేలాడే స్విచ్చు బోర్డు ప్రాణం మీదకి తెస్తాయి. అడాప్టరు, టైమరు గది బయటే ఉండాలి. లోపలికి వచ్చేది పన్నెండు వోల్టుల సన్న తీగ మాత్రమే. ఇంటి మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే లీకేజీ బ్రేకరు ఉందో లేదో ఈ వంకతో చూసుకోవడం ఇంటిల్లిపాదికీ మంచిది.

ఏప్రిల్, మే నెలల్లో ఖరగ్‌పూర్ మీదికి సాయంత్రాలు కాల్‌బైశాఖి గాలివాన విరుచుకుపడుతుంది. ఎదురుగాలి ఫ్యాను రంధ్రంలోంచే వెనక్కి దూరి, ధూళినీ వాననీ సంచుల మీదికి తెస్తుంది. పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క ఒకటి రంధ్రానికి బయటివైపు పై అంచున అతికించి కిందికి వేలాడనిస్తే చాలు. ఫ్యాను తిరిగినప్పుడు అది లేస్తుంది, ఆగినప్పుడో ఎదురుగాలి తగిలినప్పుడో మూసుకుంటుంది. ఆ గాలివానతోనే కరెంటు కూడా పోతుంది. కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే పన్నెండు వోల్టుల, ఏడు ఆంపియర్ అవర్ల బ్యాటరీ మంచి స్థితిలో ఉంటే ఈ రెండు ఫ్యాన్లనీ ఎనిమిది గంటలైనా నడుపుతుంది. దాన్ని చార్జి చేయడానికి మాత్రం సెట్‌టాప్ బాక్సు అడాప్టరు పనికిరాదు, ఆ బ్యాటరీకి తగిన చార్జరే వాడాలి.

వేళలు కూడా రుతువుని బట్టి మారతాయి. మే నెలలో మిట్టమధ్యాహ్నం బయటి గాలి లోపలికి తెచ్చుకోవడం కన్నా తెల్లవారుజామున, రాత్రి ఎక్కువసేపు నడుపుకోవడం నయం. వానాకాలంలో బయటే తేమ నిండుగా ఉంటుంది కాబట్టి ధైర్యంగా నడపవచ్చు, నీళ్లు చల్లడమే తగ్గించాలి. నిలవ గాలి ఉన్న తడి గదిలో ఆకుపచ్చ బూజు త్వరగా అంటుకుంటుంది. జనవరి చలి రాత్రుల్లో ఫ్యాను కాసేపే చాలు.

చివరిగా పెంచేవాళ్ల ఊపిరి సంగతి. ముత్యపు చిప్ప పుట్టగొడుగు పక్వానికొస్తే తెల్లటి సిద్ధబీజాలు పొగలాగా వదులుతుంది. రోజూ వాటిని పీల్చేవాళ్లలో కొందరికి కొన్ని గంటల తర్వాత దగ్గు, జ్వరం, ఆయాసం వస్తాయి. పుట్టగొడుగుల పనివాళ్ల ఊపిరితిత్తుల జబ్బుగా వైద్యులు దీన్ని ఎప్పటి నుంచో ఎరుగుదురు. గొడుగు అంచు పైకి తిరగకముందే కోసేయాలి, గదిలోకి వెళ్లేటప్పుడు మంచి మాస్కు పెట్టుకోవాలి, వెళ్లడానికి పది నిమిషాల ముందే ఫ్యాన్లు వేయాలి. ఇరుకు సందులున్న పేటల్లో ఫ్యాను నోరు పక్కింటి కిటికీ వైపు తిరగకుండా చూడాలి. ఆ సిద్ధబీజాలే ఫ్యాను రెక్కలకీ వలకీ పిండిలా పట్టుకుంటాయి. వారానికోసారి అడాప్టరు తీసేసి, పాత టూత్‌బ్రష్‌తో రెక్కలు రుద్ది, వల విప్పి కడిగి ఆరబెట్టి మళ్లీ బిగించాలి. ఒక వల ఆరేలోపు వాడుకోవడానికి అదే కొలతతో రెండోది ముందే కోసి పెట్టుకుంటే ఈగలకి ఆ పూట కూడా సందు దొరకదు.